అమెరికా నర్సింగ్ హోమ్‌లో కొత్త రెసిడెంట్ వస్తే అసెస్‌మెంట్ ఎలా చెయ్యాలి

కొత్తగా చేరిన మన నర్సులు ముందు తడబడేది డేట్ల దగ్గరే. 48 గంటల్లో బేస్‌లైన్ కేర్ ప్లాన్ (మొదట్లో రెసిడెంట్‌ని ఎలా చూసుకోవాలో రాసే ప్లాన్) రెడీ అవ్వాలి, పూర్తి ఎండీఎస్ (రెసిడెంట్ ఆరోగ్యం, అవసరాలు అన్నీ నింపే ప్రభుత్వ ఫారం) అసెస్‌మెంట్ 14వ రోజుకల్లా అయిపోవాలి, అడ్మిట్ అయిన రోజే ఒకటో రోజు, చాలామంది ఇక్కడే పప్పులో కాలేస్తారు.

రాగానే ఒళ్ళంతా చూడండి, ముఖ్యంగా మడమలు, నడుము కింద ఎముక దగ్గర, సాక్సులు విప్పి మరీ చూడాలి, పుండు ఉంటే కొలిచి ఆరోజే రాసెయ్యండి, లేకపోతే తర్వాత మీ దగ్గరే వచ్చిందంటారు. ఒత్తిడి పుండ్లు పడే రిస్క్‌ని కొలిచే బ్రేడెన్ స్కోర్ 18 లేదా తక్కువ వస్తే రిస్క్ ఉన్నట్టే.

మతిమరుపు చూసే ప్రశ్నల టెస్ట్ బిమ్స్‌కి మొత్తం 15 మార్కులు, 7 లేదా అంతకన్నా తక్కువంటే సమస్య బాగా ఎక్కువ. వినికిడి మిషన్ పెట్టుకున్నారో లేదో చూస్కుని అడగండి, వినపడకపోతే పాపం ఏం చెప్తారు! తర్వాత 92 రోజుల్లోపు ఎండీఎస్ మళ్ళీ చెయ్యాలి, మధ్యలో పరిస్థితి బాగా మారితే అప్పటిదాకా ఆగొద్దు.