ఫలితాల రోజు ఫోన్లు ఎవరు ఎత్తాలి?

పదో తరగతి ఫలితాలు చూసుకోబోయే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, హాల్‌టికెట్ నంబరు ముందు రోజే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. మొదటి అరగంట వెబ్‌సైట్ మొరాయిస్తే కంగారు పడి టెక్కలిలోనో రాజాంలోనో నెట్ సెంటర్ ముందు ఎండలో నిలబడకండి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ వాట్సాప్ సేవ ‘మన మిత్ర’లోనూ మార్కులు చూసుకోవచ్చు.

అసలు చిట్కా ఇది. ఆ రోజు బంధువుల ఫోన్లు ఎవరు ఎత్తాలో ఇంట్లో ముందే తేల్చుకోండి. మార్కులు మనం సరిగ్గా చూసుకోకముందే విజయనగరం పెద్దమ్మ, విశాఖ మావయ్య, పక్కవీధి మాస్టారు వరసగా అడుగుతారు. అందరిదీ ప్రేమే, కాదనను. కానీ మార్కులు తగ్గిన పిల్లకు అదే మాట పదిమందికి చెప్పడం నరకం. ‘సాయంత్రం మేమే చేస్తాం’ అని అమ్మ ఒక్క మాట అంటే చాలు, ఆ పిల్ల ఊపిరి పీల్చుకుంటుంది.

ఒక సబ్జెక్టు పోయిందా? హిందీకి 20, మిగతావాటికి 35 వస్తే పాస్. కొద్దిలో పోయిందనిపిస్తే రీకౌంటింగ్ (మార్కులు మళ్లీ కూడడం), రీవెరిఫికేషన్ (జవాబు పత్రం మళ్లీ పరిశీలించడం) ఉన్నాయి. 2025లో సబ్జెక్టుకు రుసుము వరసగా 500, 1000 రూపాయలు. గడువు కొద్ది రోజులే కాబట్టి మర్నాడే బడికి వెళ్లి ప్రధానోపాధ్యాయుడిని కలవండి. సప్లిమెంటరీ ఫీజు సంగతి కూడా అప్పుడే అడగండి. ఆ ఏడాదే పాసై ఇంటర్‌లో చేరినవాళ్లు మన ఊళ్లలో ఎంతోమంది ఉన్నారు.

ఆ రాత్రి మనసు మరీ బరువెక్కితే ఒంటరిగా ఉండకండి. ఇంట్లో చెప్పలేకపోతే 14416కు ఫోన్ చేయండి. అది మనసు బాగోలేనివాళ్లకు సాయపడే ప్రభుత్వ ఫోన్ సేవ ‘టెలి మానస్’, ఉచితం, ఏ వేళైనా తెలుగులో మాట్లాడవచ్చు.