కుళాయి నీళ్లు తాగొచ్చా? ముందు మీ పైపు చూడండి

మన శ్రీకాకుళం టౌన్‌లో కుళాయి తిప్పితే వచ్చేది నాగావళి నీరే. ఏటి ఇసుకలో దింపిన ఊట బావుల్లోంచి తోడి, క్లోరిన్ కలిపి, ట్యాంకులకెక్కించి వదులుతారు. నేను కుళాయి పనులు చేసుకునేవాణ్ని. నాకు కనిపించినంతలో నీళ్లు ఎక్కువగా పాడయ్యేది వీధి పైపుకీ మీ బిందెకీ మధ్యనే. ఫిల్టర్ కొనే ముందు ఆ దారి ఒకసారి చూసుకోండి.

కాలువ దగ్గర మొదలుపెట్టండి. పాత వీధుల్లో చాలా ఇళ్లకి కనెక్షన్ పైపు మురుగు కాలువ దాటే లోపలికి వస్తుంది. నీళ్లు వదిలినంతసేపూ పైపులో ప్రెషర్ ఉంటుంది కాబట్టి, చిల్లు ఉంటే మంచినీళ్లే బయటికి చిమ్ముతాయి. సప్లై ఆపేశాక పైపు ఖాళీ అవుతూ గాలిని గుంజుతుంది. ఆ చిల్లు మురుగులో మునిగి ఉంటే గుంజేది మురుగునే. మళ్లీ నీళ్లు వదలగానే ముందుగా మీ ఇంట్లోకి వచ్చేది అదే. కుళాయికి నేరుగా మోటారు తగిలించారంటే ఈ గుంజుడు ఇంకా ఎక్కువ, మీకే కాదు, పక్కింటికి కూడా. సంపులోకి నీళ్లు వాటంతటవే దిగాలి, మోటారు సంపు నుంచి పైకి కొట్టాలి.

నీళ్లు వచ్చే టైమ్‌లో కాలువలో చెత్త పక్కకి లాగి పైపు వెంట చూడండి. మురుగులో ఒకేచోట బుడగలు లేస్తున్నా, తేట నీటి చార కనిపించినా అక్కడ లీకు ఉన్నట్టే. మలుపులో వేసే ఎల్బో, అతుకులో వేసే సాకెట్ దగ్గర ఎక్కువసేపు చూడండి. పాత జీఐ (జింకు పూసిన ఇనుప) పైపు మీద తుప్పు పెచ్చులు కనిపిస్తే గోకకండి, చిల్లుని ఆపుతున్నది ఆ పెచ్చే కావచ్చు. సైకిల్ ట్యూబు ముక్క చుట్టి బైండింగ్ వైరు బిగించిన రిపేర్లు నేను ఎన్నో విప్పాను. ట్యూబు కింద నల్లటి బురద తప్ప ఏమీ ఉండదు. కాలువ దాటే చోట జాయింటు లేకుండా ఒకే ముక్క హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) పైపు వేయించి, దాన్ని కాస్త పెద్ద పీవీసీ పైపులో దూర్చి, మురుగుకి పైన ఉండేలా పెట్టించండి. సిమెంటు పూసి వదిలేద్దాం అనే ప్లంబర్‌ని టీ ఇచ్చి పంపేయండి.

ఇక నీళ్లు. మొదట వచ్చినవి మొక్కలకి వదిలి, తర్వాత గాజు గ్లాసులో పట్టి తెల్ల కాగితం ముందు పెట్టండి. పాలలా తెల్లగా ఉండి కిందినుంచి పైకి తేటపడితే అది గాలి, భయం లేదు. ఎర్రగా, గోధుమ రంగులో ఉంటే చాలావరకు తుప్పు. వానాకాలం ఒడిశా కొండల్లో వాన దంచి నాగావళి పొంగినప్పుడు వచ్చే బురద రంగు వీధి మొత్తానికీ ఉంటుంది. నల్ల నలకలు, కుళ్లు వాసన ఉంటే మాత్రం ఆ నీళ్లు పళ్లు తోముకోవడానికి కూడా వాడకండి. క్లోరిన్ వాసన కొద్దిగా వస్తే ముక్కు చిట్లించొద్దు, అది మంచి గుర్తు.

సంపు మూత నేలకి సమంగా ఉంటే వాకిలి కడిగిన నీళ్లన్నీ అందులోకే. చుట్టూ గట్టు కట్టించండి, ఓవర్‌ఫ్లో గొట్టానికి దోమల జాలి కట్టండి. కడిగేటప్పుడు మూత తీసి బాగా గాలాడనిచ్చి, పైన ఒక మనిషి ఉంటేనే లోపలికి దిగాలి. గోడలు బ్రష్‌తో రుద్ది ఆ నీళ్లు తోడేశాక, వెయ్యి లీటర్లకి 150 గ్రాముల బ్లీచింగ్ పౌడర్ లెక్కన ప్లాస్టిక్ బకెట్‌లో కలిపి, పైన తేరిన నీళ్లు మాత్రమే పోసి, సంపు నింపి రాత్రంతా ఉంచండి. పొద్దున్న అంతా తోడేయండి. బాత్రూమ్ యాసిడ్ ఆ దగ్గరికే రానివ్వొద్దు, రెండూ కలిస్తే విషవాయువు పుడుతుంది.

రోజువారీ బ్లీచింగ్ మోతాదు వేరు: వెయ్యి లీటర్లకి రెండున్నర గ్రాములు, వేశాక అరగంట ఆగాలి. చెంచాలతో కొలవకుండా కంసాలి త్రాసులో తూయించి పొట్లాలు కట్టించుకోండి. పాత పౌడర్‌లో ఘాటు పోతుంది, ఘాటు లేనిది సున్నంతో సమానం.

టీడీఎస్ మీటర్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఫిల్టర్లు అమ్మేవాళ్ల చేతిలో అదే ఆయుధం. అది కరిగిన ఉప్పుల్ని లెక్కపెడుతుంది, సూక్ష్మజీవుల్ని కాదు. తాగునీటికి మన దేశపు ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం టీడీఎస్ లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 2000 దాకా ఒప్పుకుంటారు. మురుగు కలిసిన నీళ్లకి కూడా మీటర్ 300 చూపించగలదు. అదే ప్రమాణంలో నాకు ముఖ్యమైనవి రెండు: కుళాయి దగ్గర క్లోరిన్ లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలి, 100 మిల్లీలీటర్లలో ఈ-కొలి (మలంలో ఉండే సూక్ష్మజీవి) ఒక్కటి కూడా ఉండకూడదు. క్లోరిన్‌ని ఓటీ (ఆర్థోటోలిడిన్) అనే మందు చుక్కలతో ఇంట్లోనే చూడొచ్చు, పసుపు రంగు వస్తే ఉన్నట్టు. చుక్కలు వేసి చూసిన నీళ్లు మాత్రం తాగకుండా పారబోయండి. సూక్ష్మజీవులకి హెచ్2ఎస్ అనే పరీక్ష సీసా ఉంది: నీళ్లు పోసి ఒకటి రెండు రోజులు ఉంచితే నల్లబడిన సీసా ప్రమాదం చెబుతుంది. ఇంకా అనుమానముంటే ల్యాబుకి ఇవ్వండి. ఉప్పుల్ని తీసేసే ఆర్‌ఓ ఫిల్టర్ ఉప్పు బోరు నీళ్లకి పనికొచ్చేది. ఉద్దానం కిడ్నీ జబ్బు పేరు చెప్పి అమ్మేవాళ్లూ ఉన్నారు గాని, ఆ జబ్బుకి ఫలానాదే కారణమని ఇంకా తేలలేదు.

టిన్ను నీళ్లు కొనేవాళ్లు టిన్ను లోపల వేలు పెట్టి చూడండి. జిగురు తగిలితే వెనక్కి ఇచ్చేయండి.

వానాకాలం మాత్రం కాచుకోవడమే. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం ప్రబలి ప్రాణాలు పోయాయి. బురదగా ఉంటే ముందు తేరనిచ్చి, పలచటి గుడ్డలో వడకట్టి, తెర్లిన తర్వాత కనీసం ఒక నిమిషం మరగనివ్వండి. కాచిన గిన్నెలోనే మూతపెట్టి ఉంచి, కాడ ఉన్న గరిటెతో తీసుకోండి. గ్లాసు ముంచితే కాచిన పనంతా వృథా.

నీళ్లు చెడినట్టు తేలితే ముందు అటు రెండిళ్లు, ఇటు రెండిళ్లు అడగండి. మీ ఒక్కరికే అయితే మీ పైపే. అందరికీ అయితే వార్డు సచివాలయంలో నీళ్ల పనులు చూసే ఎమినిటీస్ సెక్రటరీకి కాగితం మీద రాసివ్వండి. ఏ టైమ్‌కి వచ్చిన నీళ్లు, ఏ స్తంభం దగ్గర్నుంచి ఏ ఇంటి దాకా, వాసనా రంగా, అన్నీ రాయండి. తవ్వాల్సిన చోటు తెలిస్తే ఫిట్టర్ తొందరగా వస్తాడు.