ట్రాన్స్‌ఫర్ రిసీవర్‌ని ఎంచుకునే ముందు చూడాల్సినవి

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో జనవరి వచ్చిందంటే ఒకటే హడావుడి. కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో పేరు పెట్టుకుంటారు. కోచ్‌లు ఫోన్ల మీద ఫోన్లు చేస్తారు. అందులో ఎక్కువ సందడి వైడ్ రిసీవర్ల గురించే. క్వార్టర్‌బ్యాక్ విసిరిన బంతిని పట్టుకుని పరిగెత్తేవాడు కాబట్టి అందరి కళ్లూ వాడి మీదే ఉంటాయి.

నేను తిరుపతిలో ఒక డిగ్రీ కాలేజీ ఫిజికల్ డైరెక్టర్‌ని. మా పాప ఒహాయోలో ఎం.ఎస్. చేస్తూ క్యాంపస్‌లోనే ఫుట్‌బాల్ టీమ్ వీడియో గదిలో పార్ట్‌టైమ్ పని చేస్తోంది. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు సెమిస్టర్‌లో వారానికి 20 గంటల వరకు క్యాంపస్‌లో పని చేసుకోవచ్చు. మన పిల్లలు చాలామంది ఇలాంటి పనుల్లో ఉన్నారు. "నాయనా, వీళ్లలో ఎవరు మేలంటావు?" అని తను పేర్లు పంపిస్తే, యూట్యూబ్‌లో దొరికే పాత మ్యాచ్‌లు పెట్టుకుని చూస్తాను. జట్లకు పిల్లల్ని ఎంచడమే నా వృత్తి కాబట్టి ఈ పని నాకు ప్రాణం. తనకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. వీడియో గదిలో పని చేసేవాళ్లకు, స్టేడియంలో కూర్చుని ఏం జరుగుతోందో అర్థం కాక ఇబ్బంది పడేవాళ్లకు కూడా పనికొస్తుంది.

ముందు ఖాళీ ఏదో తేల్చుకోండి

ఆటగాడి పేరుతో మొదలుపెట్టొద్దు. మన జట్టులో ఏ చోటు ఖాళీ అయిందో దానితో మొదలుపెట్టండి. రిసీవర్ అన్నది ఒకే ఉద్యోగం కాదు, కనీసం మూడున్నాయి. వాటిని ఎక్స్, జెడ్, స్లాట్ అంటారు.

ఈ తేడా నిబంధనలోంచి వచ్చింది. బంతి ఆటలోకి వచ్చే క్షణాన్ని స్నాప్ అంటారు. ఆ క్షణంలో బంతి ఉన్న జట్టు నుంచి నలుగురికి మించి గీత (బంతి ఉన్నచోట మైదానానికి అడ్డంగా ఊహించుకునే గీత) వెనక ఉండకూడదు. అంటే పదకొండు మందిలో ఏడుగురు గీత మీద ఉండాల్సిందే. ఆ ఏడుగురిలో రెండు చివర్లా ఉన్నవాళ్లకూ, గీత వెనక ఉన్నవాళ్లకూ మాత్రమే పాస్, అంటే విసిరిన బంతి, పట్టుకునే హక్కు.

ఎక్స్ అంటే గీత మీద, ఒక చివర, ఎక్కువగా ఒంటరిగా నిలబడేవాడు. గీత మీదే ఉంటాడు కాబట్టి ఎదుటి కార్నర్‌బ్యాక్ (రిసీవర్‌ని కాపలా కాసేవాడు, క్లుప్తంగా కార్నర్) వచ్చి ముఖం ముందు నిలబడి, మొదటి అడుగులోనే ఛాతీ మీద చేయి వేసి ఆపగలడు. జెడ్ ఒక గజం వెనక ఉంటాడు. ఆ ఒక్క గజమే అతనికి ఊపిరి. పైగా స్నాప్‌కి ముందు అతన్ని అటు నుంచి ఇటు నడిపించవచ్చు, నడుస్తున్నవాణ్ణి చేయి వేసి ఆపడం తేలిక కాదు. స్లాట్ వీళ్లకూ, మధ్యలో వరసగా నిలబడే లైన్‌మెన్‌కూ మధ్య, లోపలి వైపు ఉంటాడు. అతనికి కుడికీ ఎడమకీ రెండు వైపులా దారి ఉంటుంది. కానీ ఎదుటి జట్టు లైన్‌బ్యాకర్లు, వెనక కాపలా కాసే సేఫ్టీలు కూడా అక్కడే తిరుగుతుంటారు. కాళ్లు ఎంత చురుగ్గా కదులుతాయో బుర్ర కూడా అంత చురుగ్గా కదలాలి. ఎదుటివాళ్లు జోన్ ఆడుతున్నారా (ఒక్కొక్కరూ ఒక్కో చోటు కాస్తున్నారా), మనిషికి మనిషిని పెట్టారా అన్నది పరిగెత్తుతూనే పసిగట్టి, ఖాళీ కనిపించిన చోట ఆగాలి.

ఎక్స్ వెళ్లిపోయిన జట్టు మంచి స్లాట్‌ని తెచ్చుకుంటే ఆ ఖాళీ అలాగే ఉండిపోతుంది.

కాలేజీ మైదానం వెడల్పు సంగతి

దీన్ని పుస్తకంలో చదివితే పట్టుబడదు. మా గ్రౌండ్‌లో పిల్లల చేత టేపు పట్టించి సున్నంతో గీయించాను. అడ్డం 160 అడుగులు. కాలేజీ ఆటలో హాష్ గుర్తులు (మైదానం పొడవునా రెండు వరసల్లో గీసే చిన్న గీతలు) ఒక్కో పక్క గీత నుంచి 60 అడుగుల దూరంలో ఉంటాయి. ప్రతి ప్లే (స్నాప్‌తో మొదలయ్యే ఒక్కో ఎత్తు) ఆ రెండు గుర్తుల మీదో, మధ్యనో మొదలవుతుంది. బంతి ఎడమ గుర్తు మీద ఉందనుకోండి, ఎడమ వైపు 60 అడుగులే మిగులుతాయి, కుడి వైపు 100 ఉంటాయి. క్రికెట్ పిచ్ 22 గజాలు, అంటే 66 అడుగులు. ఇరుకు వైపు పిచ్ అంత చోటు కూడా లేదు, వెడల్పు వైపు ఒకటిన్నర పిచ్ ఉంది. ఎన్‌.ఎఫ్‌.ఎల్‌.లో హాష్ గుర్తులు పక్క గీతల నుంచి 70 అడుగులకు పైగా లోపలికి ఉంటాయి కాబట్టి ఆ ప్రొఫెషనల్ లీగ్‌లో ఈ తేడా ఇంతగా ఉండదు.

ఆ ఇరుకు వైపు మా కబడ్డీ కుర్రాణ్ణి ఒకణ్ణి నిలబెట్టి, ఎదురుగా ఇంకొకణ్ణి పెట్టి, తప్పించుకుని పో అన్నాను. కుర్రాడు పాదరసంలాంటివాడు, అయినా బయటికి తిరిగిన ప్రతిసారీ నాలుగడుగుల్లో సున్నం గీత దాటేశాడు. అంత తక్కువ చోటులో తప్పించుకోవడం కంటే, మనిషి మీద ఉండగానే బంతిని లాక్కోగల ఒడ్డూ పొడుగూ, బలమైన చేతులూ ముఖ్యం. అందుకే చాలా జట్లు పొడవాటి ఎక్స్‌ని ఇరుకు వైపు పెడతాయి. వేగం ఉన్నవాణ్ణి, తప్పించుకునేవాణ్ణి 100 అడుగుల వైపు వదులుతాయి.

కియాన్ కోల్‌మన్ 2023లో మిషిగన్ స్టేట్ నుంచి ఫ్లోరిడా స్టేట్‌కి మారాడు. ఎత్తు 6 అడుగుల 3 అంగుళాలు. ఆ తర్వాత ఎన్‌.ఎఫ్‌.ఎల్. పరీక్షలో 40 గజాల పరుగుకు 4.61 సెకన్లు పట్టింది, రిసీవర్‌కి అది గొప్ప వేగమేమీ కాదు. అయినా ఆ సీజన్‌లో 50 క్యాచ్‌లకు 11 టచ్‌డౌన్లు (బంతితో ఎదుటివాళ్ల చివరి గీత దాటడం) చేశాడు. మీద పడ్డ కార్నర్ నెత్తి మీంచి బంతిని అందుకునేవాడు. అదే టెజ్ జాన్సన్‌ని చూడండి. ట్రాయ్ నుంచి 2023లో ఆరెగాన్‌కి వచ్చాడు. బరువు 70 కిలోలు. మన ఊళ్లో ఇంటర్ చదివే కుర్రాళ్లలో చాలామంది అంత బరువుంటారు. స్లాట్‌లో ఆడి ఆ ఏడాది వెయ్యి గజాలు దాటాడు. వీళ్లిద్దరిలో ఎవరు గొప్ప అని వాదించుకోవడం దండగ. ఒకరి చోటులో ఇంకొకరు ఇమడరు.

అంకెల వెనక ఎవరున్నారో చూడండి

జేమ్సన్ విలియమ్స్ కథ మా పాపకు మళ్లీ మళ్లీ చెబుతుంటాను. ఒహాయో స్టేట్‌లో రెండు సీజన్లలో అతను పట్టినవి 15 క్యాచ్‌లే. ఆ అంకె చూసి ఎవరైనా పక్కన పెట్టేస్తారు. కానీ అతనికి ముందున్నవాళ్లు క్రిస్ ఓలావే, గారెట్ విల్సన్. వెనక నుంచి జాక్సన్ స్మిత్-ఎన్‌జిగ్బా వస్తున్నాడు. అదే సమయంలో అలబామాలో డెవాంటా స్మిత్, జేలెన్ వాడిల్ ఇద్దరూ ఎన్‌.ఎఫ్‌.ఎల్‌.కి వెళ్లిపోయి రెండు కుర్చీలు ఖాళీ అయ్యాయి. 2021లో విలియమ్స్ అక్కడికి చేరి 79 క్యాచ్‌లు, 1,572 గజాలు, 15 టచ్‌డౌన్లు చేశాడు. కుర్రాడిలో వేగం ముందునుంచీ ఉంది. లేనిదల్లా చోటే.

దీనికి రెండో వైపు జోర్డన్ ఆడిసన్. పిట్స్‌బర్గ్‌లో 2021లో 100 క్యాచ్‌లు పట్టి, దేశంలో ఉత్తమ రిసీవర్‌కి ఇచ్చే బిలెట్నికాఫ్ అవార్డు గెలిచాడు. 2022లో సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీకి (యు.ఎస్‌.సి.) మారాడు, క్యాచ్‌లు 59కి తగ్గాయి. దెబ్బ తగిలి కొన్ని మ్యాచ్‌లు పోయాయి. ఆటగాడు మాత్రం తగ్గలేదు, ఎన్‌.ఎఫ్‌.ఎల్. డ్రాఫ్ట్‌లో (కొత్త ఆటగాళ్ల ఎంపికలో) మొదటి రౌండ్‌లోనే తీసుకున్నారు.

కాబట్టి మొత్తం క్యాచ్‌ల దగ్గర ఆగకండి. ఎన్నిసార్లు పాస్ కోసం పరిగెత్తాడు, అందులో ఎన్నిసార్లు బంతి అతని వైపు వచ్చింది, ఒక్కో పరుగుకు ఎన్ని గజాలు తెచ్చాడు అన్నవి అడగండి. క్యాచ్‌ల్లో స్క్రీన్ పాస్‌లెన్ని అన్నది తప్పకుండా చూడండి. గీత వెనకే బంతి చేతికిచ్చి, ముందు ఇద్దరిని అడ్డం పెట్టి పరిగెత్తించేదే స్క్రీన్. అలాంటివి ఎక్కువుంటే అంకె ఉబ్బుతుంది, కార్నర్‌ని తప్పించుకోగలడో లేదో మాత్రం తెలియదు.

వీడియో చూసే పద్ధతి

హైలైట్ల వీడియో పక్కన పెట్టండి. అందులో క్యాచ్‌లే ఉంటాయి. పూర్తి మ్యాచ్ చూడండి. టీవీ కెమెరా బంతి వెంట పోతుంది, రిసీవర్ ఫ్రేములోంచి వెళ్లిపోతాడు. అయినా మొదటి రెండు సెకన్లు మాత్రం కనిపిస్తాడు, అసలు సంగతి అక్కడే ఉంది. అక్కడ తూర్పు తీరంలో శనివారం రాత్రి 7:30కి మొదలయ్యే మ్యాచ్ అక్టోబరులో మనకు ఆదివారం ఉదయం 5 గంటలకు వస్తుంది. అలిపిరి మెట్ల వైపు జనం బయల్దేరే వేళకు నేను టీవీ ముందు నోట్‌బుక్‌తో కూర్చుంటాను.

స్నాప్ కాగానే బంతిని చూడొద్దు, రిసీవర్ పాదాలు చూడండి. మొదటి అడుగు ముందుకు పడిందా, వెనక్కి పడి తర్వాత ముందుకు వచ్చిందా? వెనక్కి పడే అడుగు చిన్నదే, కానీ దాంతోనే కార్నర్‌కి టైమ్ దొరుకుతుంది. తర్వాత చేతులు. కార్నర్ చేయి ఛాతీ మీదకు రాగానే మంచి రిసీవర్ మణికట్టు దగ్గర కొట్టి, అదే ఊపులో భుజం దించి అతని పక్కకు దూరతాడు, మూడో అడుగుకల్లా అతనికి ముందుంటాడు. కొందరు ఉన్నచోటే చిందులేస్తారు. చూడ్డానికి బాగుంటుంది కానీ, క్వార్టర్‌బ్యాక్‌కి ఉండేదే రెండున్నర, మూడు సెకన్లు. అందులో ఒకటి చిందులకే పోయింది.

రూట్ (రిసీవర్ పరిగెత్తాల్సిన దారి) మలుపు దగ్గర నడుము దించి రెండు మూడు అడుగుల్లో ఆగుతున్నాడా, గునగునా చిన్న అడుగులు వేసి ముందే చెప్పేస్తున్నాడా చూడండి. బంతిని చేతులతో ఒంటికి దూరంగా పడుతున్నాడా, ఛాతీకి అదుముకుంటున్నాడా? ఇక బంతి ఇంకొకరు పట్టుకుని పరిగెత్తే ప్లేలలో ఎదుటివాణ్ణి అడ్డుకుంటున్నాడా, నడుము మీద చేతులు పెట్టి చూస్తున్నాడా? నిలబడి చూసేవాణ్ణి నేనైతే తీసుకోను. ఎంత వేగమున్నా సరే.

మాట్లాడే వేళ

పోర్టల్‌లో పేరు చేరేదాకా వేరే కాలేజీ కోచ్‌లు ఆటగాడితో మాట్లాడకూడదు. 2018 అక్టోబరులో పోర్టల్ మొదలైంది. 2024 నుంచి చదువు సరిగ్గా సాగుతుంటే ఎన్నిసార్లు మారినా వెంటనే ఆడొచ్చు. 2026లో ఫుట్‌బాల్ ఆటగాళ్లు పోర్టల్‌లో పేరు పెట్టుకునే గడువు జనవరి 2 నుంచి 16 వరకే పెట్టారు. చాలా కాలేజీల్లో సెమిస్టర్ కూడా అప్పుడే మొదలవుతుంది. కాబట్టి ట్రాన్స్‌క్రిప్ట్ ముందు తెప్పించుకోండి. పాత కాలేజీ క్రెడిట్లు కొత్త డిగ్రీలోకి ఎన్ని వస్తాయో లెక్క తేలకుండా సంతకం దాకా పోవద్దు. మూడో ఏడాదిలోకి వచ్చేవాడికి డిగ్రీలో 40 శాతం పూర్తయి ఉండాలి, నాలుగో ఏడాదికి 60. ఇక్కడి నుంచి అక్కడికి క్రెడిట్లు మార్చుకున్న తల్లిదండ్రులకు ఈ బాధ నేను చెప్పక్కర్లేదు.

డబ్బు సంగతి క్లుప్తంగా. 2025 జులై నుంచి కాలేజీలే ఆటగాళ్లకు నేరుగా చెల్లించవచ్చు, మొదటి ఏడాది అన్ని ఆటలకూ కలిపి ఒక్కో యూనివర్సిటీకి పరిమితి సుమారు 2.05 కోట్ల డాలర్లు. ఒక రిసీవర్‌కి ఎక్కువ ఇస్తే ఇంకెక్కడో లైన్‌మన్‌కి తగ్గుతుంది.

కుర్రాడు క్యాంపస్ చూడ్డానికి వచ్చినప్పుడు స్టేడియం దీపాలు చూపించి పంపేయకండి. బోర్డు ముందు నిలబెట్టి మార్కర్ చేతికివ్వండి. "కార్నర్ ముఖం మీద ఉన్నాడు, సేఫ్టీ వెనక లోతుగా ఉన్నాడు, నీ రూట్ ఎక్కడ తిప్పుతావు, ఎందుకు?" అని అడగండి. గీసి చెప్పగలిగితే మార్చి, ఏప్రిల్ ప్రాక్టీస్‌కల్లా కుదురుకుంటాడు. చెప్పలేకపోతే ప్లేబుక్ (జట్టు ఎత్తుల పుస్తకం) నేర్చుకోవడానికే సీజన్‌లో సగం పోతుంది.

ఇంకొకటి, మన దగ్గరే ఆ చోటు కోసం ఎదురుచూస్తున్న రెండో ఏడాది కుర్రాడు ఉంటే వాడి వీడియో కూడా ఇదే పద్ధతిలో చూడండి. ఇద్దరూ దాదాపు సమానంగా ఉంటే మనవాడికే చోటివ్వండి. ప్లేబుక్ వాడికి ఇప్పటికే వచ్చు, పైగా బయటివాణ్ణి తెస్తే వాడు వచ్చే జనవరిలో పోర్టల్‌లో ఉంటాడు. బయటివాడినే తీసుకుంటే ఆ సంగతి పేపర్లో రాకముందే మనవాణ్ణి పిలిచి కూర్చోబెట్టి చెప్పండి.