విమానం ఎగిరిపడితే ముక్కు కిందికి నొక్కకండి

కొత్తగా సోలో (ఇన్‌స్ట్రక్టర్ లేకుండా ఒంటరిగా నడపడం) మొదలుపెట్టినవాళ్ల చేతుల్లో చిన్న విమానం దెబ్బతినేది ఎక్కువగా నేల తాకే ఆ కొద్ది సెకన్లలోనే, కానీ తప్పు మాత్రం ఫైనల్‌లోనే, అంటే రన్‌వేకి సూటిగా దిగుతూ వచ్చే చివరి దశలోనే మొదలై ఉంటుంది. స్పీడ్ ఎక్కువగా ఉందని కనిపిస్తూనే ఉంటుంది, అయినా పర్లేదులే, దిగాక బ్రేక్ వేద్దాం అనుకుంటారు.

సెస్నా 172 అనే చిన్న విమానంలో ఫుల్ ఫ్లాప్స్‌తో (రెక్కల వెనక అంచు పలకలు పూర్తిగా దించి) ఫైనల్ స్పీడ్ 60 నుంచి 70 నాట్లు. స్పీడ్ 10 శాతం పెరిగితే ఆపాల్సిన శక్తి 21 శాతం పెరుగుతుంది. ఆ వేగంతో ఫ్లేర్ చేస్తే, అంటే నేల దగ్గర ముక్కు కాస్త పైకెత్తితే, విమానం దిగకుండా రన్‌వే మీద తేలుతూ పోతుంది, యోక్ (ముక్కును పైకీ కిందికీ కదిపే చేతి స్టీరింగ్) ఇంకాస్త లాగితే పైకి లేస్తుంది. అప్పుడు టెన్షన్‌లో యోక్ ముందుకు నెట్టేస్తారు, ముక్కు చక్రం ముందుగా తగిలి విమానం మళ్లీ ఎగురుతుంది, మళ్లీ నెడతారు, ప్రతి గెంతూ ముందుదానికన్నా పెద్దదవుతుంది. రెండు మూడు గెంతుల్లోనే ముక్కు చక్రం విరిగి, ప్రొపెల్లర్ నేలకు కొట్టుకునే దాకా వెళ్లొచ్చు. ప్రొపెల్లర్ నేలకు తగిలిందంటే ఇంజిన్ కూడా విప్పి చూడాల్సిందే.

కొంచెమే ఎగిరితే ముక్కును ల్యాండింగ్ భంగిమలోనే పట్టుకుని, కాస్త పవర్ ఇచ్చి, దాన్నే కిందికి కూర్చోనివ్వండి. పెద్దగా ఎగిరితే ఆలోచించకుండా గో అరౌండ్ చేయండి, అంటే దిగడం మానేసి ఫుల్ పవర్‌తో మళ్లీ పైకి వెళ్లండి.

ఇక్కడే ఇంకో ప్రమాదం ఉంది, దీని గురించి చాలామందికి ముందుగా ఎవరూ గట్టిగా చెప్పరు. ఫుల్ ఫ్లాప్స్, నెమ్మది స్పీడ్‌కి పెట్టిన ట్రిమ్ (యోక్ మీద చేతి బరువు తగ్గించే సర్దుబాటు), దాని మీద ఒక్కసారిగా ఫుల్ థ్రాటిల్ (ఇంజిన్ పవర్): ముక్కు తనంతట తానే జోరుగా పైకి లేస్తుంది, ఎడమకి కూడా తిరుగుతుంది. యోక్‌ను గట్టిగా ముందుకు ఆపిపట్టి, కుడి రడ్డర్ (ముక్కును పక్కలకు తిప్పే పెడల్) తొక్కకపోతే అంత తక్కువ ఎత్తులో స్టాల్ అవుతుంది, అంటే రెక్కలు విమానాన్ని మోయలేకపోతాయి, కోలుకోవడానికి కింద చోటుండదు. కార్బ్ హీట్ (కార్బురేటర్‌లో మంచు పట్టకుండా వేడిగాలి ఇచ్చేది) ఆఫ్ చేయండి, ఫ్లాప్స్ వెంటనే 20 డిగ్రీలకి తేండి, మిగతావి స్పీడ్ పెరిగాక మెల్లగా తీయండి. అన్నీ ఒకేసారి తీస్తే విమానం కిందికి జారుతుంది.

పక్కగాలి ఉంటే గాలి వచ్చే వైపు రెక్క వంచి, రడ్డర్‌తో ముక్కును రన్‌వేకి సూటిగా పెట్టండి, చక్రాలు తాకాక కూడా ఆ ఎయిలరాన్ (రెక్కను వంచేందుకు యోక్‌ను పక్కకి తిప్పి పట్టినది) వదలకండి. ఫ్లేర్‌లో చూపు రన్‌వే చివరి మీదుండాలి, ముక్కు ముందున్న నేలను చూస్తే ఎత్తు అస్సలు తెలియదు.

ఈసారి ఇన్‌స్ట్రక్టర్‌తో వెళ్లినప్పుడు, ఫ్లేర్ నుంచే రెండు మూడు గో అరౌండ్లు చేయించమని అడగండి. ఆ యోక్ చేతిని ఎంత బరువుగా నెడుతుందో అప్పుడే తెలుస్తుంది.