మిత్రుల ఫాంటసీ ఫుట్‌బాల్ లీగుకు నియమాలు రాసుకోవడం

ఫాంటసీ ప్రీమియర్ లీగంటే ఇంగ్లండు ప్రీమియర్ లీగు ఫుట్‌బాల్ ఆటగాళ్లతో ఊహాజట్టు కట్టుకుని, అసలు మ్యాచుల్లో వాళ్ల ఆటను బట్టి పాయింట్లు పొందే ఆన్‌లైన్ ఆట. కావలిలో మేము పదిమంది మిత్రులం ఫాంటసీ ప్రీమియర్ లీగులో సొంత ప్రైవేటు లీగు పెట్టుకున్న మొదటి ఏడాది అన్నీ నోటిమాటగా వదిలేశాం. చివర్లో ఇద్దరికి పాయింట్లు సమానమై మనసులు నొచ్చుకున్నాయి. అందుకే సీజను మొదలుకాకముందే నియమాలు కాగితం మీద పెట్టి, అందరిచేతా సరే అనిపించుకోండి.

ముందుగా, 38 వారాల మొత్తం పాయింట్లను లెక్కించే క్లాసిక్ పద్ధతా, వారానికొకరితో తలపడి గెలుపుకు 3, డ్రాకు 1 పాయింటు పొందే హెడ్ టు హెడ్ పద్ధతా అన్నది తేల్చుకోండి. కొత్తవాళ్లుంటే క్లాసిక్కే మేలని నా అభిప్రాయం. ఒక క్లబ్బు నుంచి ముగ్గురికి మించకూడదన్న పరిమితి వంటివి ఆటలోనే ఉన్నాయి కనుక మళ్లీ రాయనక్కర లేదు.

గడువు గురించి మాత్రం వివరంగా రాయాలి. వారపు తొలి మ్యాచ్‌కు 90 నిమిషాల ముందే జట్టులో మార్పులు ఆగిపోతాయి. ఇంగ్లండులో శనివారం మధ్యాహ్నం 12:30కి ఆట ఉంటే మనకు గడువు 3:30కే ముగుస్తుంది. అక్టోబరు చివరి ఆదివారం అక్కడ గడియారాలు వెనక్కి తిప్పాక అదే 4:30 అవుతుంది. రొయ్యల చెరువు దగ్గర ఉండిపోయి గడువు దాటించినవారికైనా మినహాయింపు ఉండదని ముందే చెప్పండి.

పాయింట్లు సమానమైతే, సీజనులో తక్కువమంది ఆటగాళ్లను మార్చుకున్నవారిదే పైస్థానమని రాయండి. డబ్బు పందెం పెట్టవద్దు. 2020లో మన రాష్ట్రం, 2025లో కేంద్రం చట్టం చేసి ఆన్‌లైన్ ఆటల్లో డబ్బు పందేలను నిషేధించాయి. విజేతకు మిగిలినవారంతా కలిసి నెల్లూరు చేపల పులుసుతో భోజనం పెట్టాలన్నది మా నియమం.