కొత్త కారం డబ్బా తెరిచే ముందు

గుంటూరు కొత్త మిర్చితో కారం పట్టించే రోజులివి. వంటకు ముందు ఇవి చూసుకోండి.

- పొగలొచ్చే నూనెలో కారం వేయకండి. క్షణాల్లో మాడి కూరంతా చేదెక్కుతుంది, ఆ ఘాటుకు ఇంటిల్లిపాదీ దగ్గుతారు. పసిపిల్లలు, ఆస్తమా ఉన్నవాళ్లు ఉంటే మరీ ప్రమాదం. మంట తగ్గించి, ఉల్లిపాయలు, టమాటాలు మగ్గాకే వేయండి.

- పాత కొలత పనికిరాదు. తేజ రకం మిర్చి బాగా ఘాటు. బ్యాడిగి రకంలో రంగెక్కువ, ఘాటు తక్కువ. సగంతో మొదలుపెట్టి రుచి చూడండి.

- ఆవిరొచ్చే గిన్నె మీద డబ్బా వంచొద్దు. తేమ తగిలితే గడ్డకడుతుంది, బూజు కూడా పడుతుంది.

- చేతులు మండితే ఉత్త నీళ్లు చాలవు, ఆ మంట పుట్టించే పదార్థం నూనెలో బాగా కరుగుతుంది. ముందు నూనె రాసి, తర్వాత సబ్బుతో కడగండి. అప్పటిదాకా కళ్లు ముట్టుకోకండి.