ఊలు పని కుదరనప్పుడు: నిట్టింగా, క్రోషేనా?

సమస్య: క్రోషేతో, అంటే ఒకే కొక్కెం సూదితో, అల్లిన స్వెటరు కొలతకు సరిపోయినా ఒంటిమీద అట్టలా నిలబడుతోంది, నడుము దగ్గర, మణికట్టు దగ్గర పట్టి ఉండడం లేదు.

కారణం: రెండు పొడవాటి సూదులతో అల్లే నిట్టింగులో కుట్లన్నీ ఒకదానిలోంచి ఒకటి దూరిన వంపులే కాబట్టి, లాగితే సాగి, వదిలితే మళ్లీ దగ్గరకు వస్తాయి. క్రోషేలో ఒక్కో కుట్టునూ కొక్కెం సూదితో పూర్తిగా ముగించాకే తరువాతి దానికి వెళతాం. అందువల్ల అదే ఊలుతో అల్లినా బట్ట మందంగా, బిగువుగా తయారవుతుంది. ఊలు కూడా సాధారణంగా ఎక్కువే పడుతుంది.

పరిష్కారం: పని ఇంకా మొదలుపెట్టకపోతే నిట్టింగునే ఎంచుకుని, అంచులను రెండు నిట్ (ముందువైపు నునుపుగా కనిపించే కుట్టు), రెండు పర్ల్ (దానికి తిరగేసినట్టు గరుకుగా కనిపించే కుట్టు) చొప్పున రిబ్బుగా, అంటే సాగే నిలువు చారలుగా, అల్లాలి. క్రోషేనే కావాలనుకుంటే సన్నని ఊలు తీసుకుని, ఒకటి రెండు సైజులు పెద్ద సూది వాడాలి. ఏ పద్ధతిలోనైనా ముందుగా పది సెంటీమీటర్లకు తగ్గని నమూనా ముక్క అల్లి, ఉతికి, ఆరాకే కొలవాలి. ఈ ఒక్క గంట పనిని దాటవేసి, నెల రోజుల శ్రమను విప్పేసుకున్నవారిని చూస్తే నాకు ఎంతో బాధ కలుగుతుంది.

సమస్య: నిట్టింగుతో చేసిన బొమ్మలోంచి దూది కనిపిస్తోంది.

కారణం, పరిష్కారం: దూది కూరగానే కుట్లు సాగి సందులు పడతాయి. బొమ్మలకు క్రోషేయే తగినది. ఊలు చుట్టమీద సూచించిన దానికన్నా చిన్న సూదితో సింగిల్ క్రోషే అనే పొట్టి, దట్టమైన కుట్లను గుండ్రంగా బిగించి అల్లాలి.

సమస్య: బల్లమీద పరిచేందుకు నిట్టింగుతో అల్లిన గుడ్డ అంచులు చుట్టుకుపోతున్నాయి.

కారణం: ఒకవైపు అన్నీ నిట్, మరోవైపు అన్నీ పర్ల్ వచ్చేలా అల్లిన బట్టకు అది సహజ గుణం. ఇస్త్రీతో సరిచేయబోతే అక్రిలిక్ ఊలు వేడికి సాగి, జీవం కోల్పోతుంది.

పరిష్కారం: నాలుగు వైపులా నాలుగైదు కుట్ల వెడల్పున గార్టర్ అంచు (ప్రతి వరుసనూ నిట్ కుట్లతోనే అల్లేది) వేయాలి. చిల్లుల అల్లికే కావాలంటే నూలు దారంతో క్రోషే మేలు. 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన నరసాపురం లేసు క్రోషే పనే. ప్రతి కుట్టూ విడిగా ముగియడం వల్లనే అంత పలుచని లేసు కూడా ఆకారం నిలుపుకుంటుంది.

సమస్య: సూది నుంచి కుట్టు జారి, కిందివరకూ నిచ్చెనలా విడిపోయింది.

పరిష్కారం: నిట్టింగులో కుట్లన్నీ సూదిమీద తెరిచి ఉంటాయి కనుక ఇది జరుగుతుంది. వరుసలన్నీ విప్పనక్కరలేదు, జారిన వంపులో క్రోషే సూది దూర్చి, నిచ్చెన మెట్లలాంటి దారాలను కిందినుంచి ఒక్కొక్కటిగా లాగుతూ పైకి తెచ్చి, కుట్టును తిరిగి సూదికి ఎక్కించాలి.